మీకు తెలుసా? ఆదివారం తుపాకికి సెలవు

కాకికి ఒక న్యాయం, జింకకు ఒక న్యాయం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మొన్నమొన్నటిదాకా ఒక నిబంధన ఉండేది. సీజన్‌లో ఆదివారం నాడు తుపాకి పట్టుకుని అడవికి వెళ్లొచ్చు. కాకి కనిపిస్తే కాల్చొచ్చు. కోళ్లకు శత్రువని పేరుపడ్డ నక్కనూ, తోడేలు జాతికి చెందిన కయోటీనీ కాల్చొచ్చు. అదే చెట్టు కింద జింక నిలబడి ఉంటే మాత్రం వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. శనివారం సాయంత్రం దాకా తప్పు కానిది, సోమవారం తెల్లారగానే మళ్లీ తప్పు కానిది, ఆ మధ్య ఒక్క రోజు నేరం.

అప్పటికే కొంత సడలిన ఆ నిషేధం 2025 జూలై 9న గవర్నర్ జాష్ షపీరో సంతకంతో తొలగిపోయింది. ఎన్నో ఏళ్లు నలిగిన వివాదం ఇది. నిషేధం ఉండాలన్నవాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లతో పాటు రైతులున్నారు, కొండదారుల్లో నడిచేవాళ్లున్నారు, గుర్రపుస్వారీ చేసేవాళ్లున్నారు. పోవాలన్నవాళ్లలో ఎక్కువమంది వారమంతా ఉద్యోగం చేసుకునే మామూలు మనుషులు. వారానికోసారి దొరికే సెలవును నలుగురూ ఎలా పంచుకోవాలన్నదే ఈ తగువు అని నాకనిపిస్తుంది. అందుకే వేట ముఖం చూడనివాళ్లకు కూడా ఇది తెలుసుకోదగ్గ సంగతి.

నాలుగు డాలర్ల జరిమానా

ఆదివారం విశ్రాంతిని చట్టంలోకి ఎక్కించింది రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్. క్రీ.శ. 321 మార్చి 7న నగరాల్లో న్యాయస్థానాలు, పనిశాలలు మూసేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. రైతులను మాత్రం వదిలేశాడు. అదను తప్పితే పంట దక్కదని ఆయనకూ తెలుసు. 1618లో ఇంగ్లండు రాజు జేమ్స్, ఆదివారం ప్రార్థన ముగిశాక జనం బాణాలు వేసుకోవచ్చు, నాట్యం చేసుకోవచ్చు అని ప్రకటించాడు. కట్టేసిన ఎలుగుబంటి మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆట మాత్రం ఆ రోజు వద్దన్నాడు. మతనిష్ఠ ఎక్కువైన ప్యూరిటన్లకు ఆ మాత్రం సడలింపు కూడా గిట్టలేదు.

అమెరికాలో కట్టడి ఇంకా బిగిసింది. పెన్సిల్వేనియా 1794లో చేసిన చట్టం ప్రకారం ఆదివారం లౌకికమైన పని ఏది చేసినా నాలుగు డాలర్ల జరిమానా. వేట, కాల్పులు, ఆటలు, వినోదాలు అన్నీ ఆ పద్దులోనే. 1873 నుంచి ఆదివారం వేట నిషేధం వేట చట్టాల్లోనే చోటు చేసుకుంది.

ఆ 1794 చట్టం ఎంత దూరం వచ్చిందో చూడండి. 1926 ఆగస్టులో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు ధైర్యం చేసి ఒక ఆదివారం మ్యాచ్ ఆడింది. టికెట్ పెట్టి ఆడే బేస్‌బాల్ లౌకిక వ్యాపారమే, కాబట్టి ఆదివారం కూడదని రాష్ట్ర సుప్రీంకోర్టు మరుసటి ఏడాది తేల్చింది. 1933 నవంబర్‌లో ఓటర్లు సరే అన్నాకే ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ నగరాలకు ఆదివారం మ్యాచ్‌లు వచ్చాయి. ఆ తర్వాత ఒక్కొక్క ఆంక్షా సడలుతూ వచ్చింది. వేట ఆంక్ష మాత్రం మొండికేసింది. కార్ల అమ్మకం మీద ఉన్నదైతే ఈనాటికీ కదల్లేదు. ఆదివారం నాడు పెన్సిల్వేనియా డీలర్ దగ్గర కారు కొనలేరు.

బొమ్మ జలాంతర్గామి చేసిన మేలు

మతం పేరున వచ్చిన సెలవును ప్రభుత్వం అందరి మీదా రుద్దొచ్చా? ఈ ప్రశ్న 1961లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. మేరీల్యాండ్‌లో ఒక పెద్ద దుకాణం ఉద్యోగులు ఆదివారం నాడు ఒక ఫైలు బైండరు, ఒక డబ్బా నేల పాలిష్, ఒక స్టేప్లర్, ఒక బొమ్మ జలాంతర్గామి అమ్మారు. కేసు పడింది, జరిమానా పడింది, అప్పీలు సుప్రీంకోర్టు దాకా ఎక్కింది. ఈ చట్టాలు మతం నుంచి పుట్టిన మాట నిజమే, కానీ ఇప్పుడు అందరికీ ఒకే రోజు విశ్రాంతి కల్పించడం వాటి ప్రయోజనం అని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తీర్పు రాశారు. చట్టం నిలిచింది.

ఆ తీర్పుతో వేట నిషేధానికీ ఒక లౌకికమైన ఆధారం దొరికింది. ఆదివారం వేట కోసం ఏర్పడిన ఒక వేటగాళ్ల సంఘం పెన్సిల్వేనియా నిషేధం మీద ఫెడరల్ కోర్టుకు వెళ్తే, 2014లో అక్కడా చుక్కెదురైంది. ఆయుధం కలిగి ఉండే హక్కు వేరు, వినోదానికి ఆదివారం వేటాడే హక్కు వేరు అని కోర్టు వాళ్లను వెనక్కి పంపింది. ఇక మిగిలిన దారి చట్టసభే.

సోమవారం బడికి సెలవు

1963 నుంచి 2018 దాకా పెన్సిల్వేనియాలో తుపాకితో జింకల వేట మొదలయ్యేది థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత వచ్చే సోమవారం. ఆ రోజు ఎన్నో పల్లెల్లో బడులు మూసేసేవారు. పిల్లలు ఎటూ రారు, మేస్టార్లలోనూ సగం మంది అడవిలోనే ఉంటారు. ఆదివారం నాడు కుటుంబాలు అడవిలోని క్యాబిన్లకు చేరుకుని, తుపాకులు సర్దుకుని, కలిసి భోంచేసి, తెల్లవారుజామున బయల్దేరేవి. ఆదివారం వేట లేకపోవడం వల్లే ఆ సంబరం పుట్టింది. 2019లో మొదటి రోజును శనివారానికి మార్చినప్పుడు ఆ ప్రాంతాల్లో చాలామంది బాధపడ్డారు. అలవాటైన పండగ తేదీ మారిస్తే ఎవరికైనా బాధగానే ఉంటుంది.

కానీ రెండో వైపు లెక్క చూడాలి. సోమవారం మొదలై రెండో శనివారంతో ముగిసే ఆ సీజన్‌లో ఫ్యాక్టరీ షిఫ్టులో పనిచేసే మనిషికీ, బడికి వెళ్లే పిల్లకూ సెలవు పెట్టకుండా దొరికేవి రెండే శనివారాలు. ఒక శనివారం వానొస్తే సగం సీజన్ పోయినట్టే. పక్కనే ఉన్న ఒహాయో, న్యూయార్క్ రాష్ట్రాల్లో ఆదివారం తలుపులు తీసే ఉన్నాయి. పెట్రోలు పోయించుకుని అక్కడికి వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు, వెళ్లలేనివాళ్లు మానేశారు.

మానేయడం చిన్న విషయం కాదు. 1980ల మొదట్లో ఆ రాష్ట్రంలో దాదాపు 13 లక్షల మంది వేట లైసెన్సు తీసుకునేవారు. ఆ సంఖ్య తర్వాత లక్షల్లో పడిపోయింది. అక్కడ వన్యప్రాణుల బాధ్యత చూసే గేమ్ కమిషన్ 1895లో ఏర్పడింది. దానికి రాష్ట్ర ఖజానా నుంచి మామూలు పన్నుల సొమ్ము రాదు. లైసెన్సు రుసుములూ, 1937 నాటి ఫెడరల్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నులో వాటా దాని ముఖ్యమైన ఆదాయాల్లో ఉన్నాయి. వేటగాడు తగ్గితే అడవిని చూసుకునే డబ్బూ తగ్గుతుంది. జంతువులంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇది మింగుడుపడని సంగతే అయినా అక్కడి ఏర్పాటు అలా ఉంది.

రైతు సంతకం

ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది రైతుల పాత్ర. పెన్సిల్వేనియాలో అత్యధిక భూమి ప్రైవేటు వ్యక్తులదే. తరతరాలుగా రైతులు తమ చేలల్లో, అడవిగట్లలో వేటగాళ్లను తిరగనిచ్చారు. కొందరు అడిగి వచ్చేవారు. ఇంకొందరు అడగకుండానే చొరబడి, గేట్లు బార్లా తెరిచి పోయి, ఇంటికి దగ్గరగా తూటాలు పేల్చేవారు. ఆరు రోజులు ఓర్చుకుంటాం, ఏడో రోజైనా మా పొలంలో మేం ప్రశాంతంగా నడవాలి కదా అని రైతులు అడిగారు. రాష్ట్రంలోని పెద్ద రైతు సంఘమైన ఫార్మ్ బ్యూరో ఏళ్ల తరబడి ఆదివారం వేటను అడ్డుకుంది ఇందుకే.

అయితే అదే రైతు మొక్కజొన్ననూ సోయాచిక్కుడునూ రాత్రికి రాత్రి మేసి పోయేదీ జింకే. 1900 ప్రాంతంలో ఆ రాష్ట్రంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయిన తెల్లతోక జింకలు, రక్షణ దొరికాక ఎంతగా పెరిగాయంటే ఇప్పుడు చేలకు అవే పెద్ద బెడద. వేటగాడు రావాలి, కానీ అడిగి రావాలి. రైతు కోరిక అంతే.

2019 నవంబర్‌లో గవర్నర్ టామ్ వుల్ఫ్ సంతకం చేసిన చట్టం ఈ ముడిని సగం విప్పింది. ఏడాదికి మూడే ఆదివారాలు ఇచ్చింది. విల్లు సీజన్‌లో ఒకటి, తుపాకి సీజన్‌లో ఒకటి, గేమ్ కమిషన్ ఇష్టప్రకారం మరొకటి. 2020 నవంబర్‌లో 15, 22, 29 తేదీల్లో అవి మొదటిసారి అమలయ్యాయి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఆదివారం నాడు ప్రైవేటు భూమిలో వేటాడాలంటే యజమాని రాసిచ్చిన అనుమతి జేబులో ఉండాలి. అనుమతి లేకుండా చొరబడిన వేటగాడి మీద, ఇంకే తప్పూ చేయకపోయినా, గేమ్ కమిషన్ వార్డెన్ నేరుగా కేసు పెట్టొచ్చు. అంతకుముందు వేరే నేరం తోడైతేనే ఆ కేసు నిలబడేది.

ఆరేళ్లు తిరక్కుండానే ఫార్మ్ బ్యూరో వైఖరి మారింది. 2025 బిల్లుకు మద్దతు ఇచ్చింది. రాతపూర్వక అనుమతి నిబంధన కొత్త చట్టంలోనూ ఉంది. ఏయే ఆదివారాలు తెరవాలో నిర్ణయించే అధికారం గేమ్ కమిషన్‌కు వెళ్లింది. కమిషన్ ఆ ఏడాది సెప్టెంబర్ 14 నుంచి డిసెంబర్ 7 దాకా వరుసగా 13 ఆదివారాలు ఇచ్చింది. ఒక కాగితం మీద ఒక సంతకం ఇంత పాత పంతాన్ని సడలించగలిగిందంటే, రైతు అడిగింది ముందు నుంచీ న్యాయమైనదే అని నా నమ్మకం.

పదకొండున్నరకు చప్పుడు వద్దు

చర్చి మాట పూర్తిగా పోలేదు. నార్త్ కెరొలైనా 2015లో ప్రైవేటు భూముల్లో ఆదివారం తుపాకి వేటను అనుమతిస్తూ కొన్ని షరతులు పెట్టింది. ప్రార్థనా స్థలానికి 500 గజాల లోపు కాల్చకూడదు. ఉదయం 9.30 నుంచి మధ్యాహ్నం 12.30 దాకా ఎక్కడా కాల్చకూడదు. వర్జీనియా 2014లో గడియారం జోలికి పోకుండా ప్రార్థనా స్థలం చుట్టూ 200 గజాల గీత గీసింది. కుక్కలతో జింకనూ ఎలుగునూ తరిమే వేటను ఆదివారం వద్దంది.

బాతుల లెక్క వేరు

వలస పక్షుల వేట ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఏ పక్షికైనా ఏడాదికి 107 రోజులు మించకూడదని పరిమితి. అట్లాంటిక్ తీరం వెంబడి, తమ చట్టం ప్రకారం ఆదివారాలు మూసేసిన రాష్ట్రాలకు ఆ పోయిన రోజులు వేరే వారాల్లో కలిపి ఇస్తారు. అందుకే పెన్సిల్వేనియాలో జింకకు ఆదివారం తెరిచినా బాతు వేటగాళ్లు మాకొద్దన్నంత పని చేశారు. ఆదివారం తెరిస్తే అదనంగా వచ్చే వారం మధ్య రోజులు పోతాయి. ఒకే రాష్ట్రంలో ఇద్దరు వేటగాళ్లున్నా ఇద్దరి లాభం ఒకటి కాదు.

తిండి హక్కూ చాల్లేదు

మెయిన్ రాష్ట్రంలో నిషేధం 1883 నుంచీ ఉంది, ఇప్పటికీ అన్ని జంతువులకూ వర్తిస్తుంది. 2021లో అక్కడి ఓటర్లు రాజ్యాంగంలో తిండి హక్కును చేర్చారు. తనకు నచ్చిన ఆహారాన్ని పండించుకునే, పెంచుకునే, సేకరించుకునే హక్కు అది. అమెరికాలో అలాంటి సవరణ చేసిన మొదటి రాష్ట్రం మెయినే. వెంటనే ఒక జంట కోర్టుకెళ్లింది. మా పిల్లలకు మాంసం తెచ్చుకునేది వేటాడి, ఆదివారం ఆపితే మా తిండి హక్కు ఆపినట్టే అన్నది వాళ్ల వాదన. 2024 మార్చిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకోలేదు. దొంగవేటను ఆ సవరణే మినహాయించింది, చట్టం వద్దన్న రోజున చేసే వేటకు ఆ హక్కు వర్తించదు అని చెప్పింది.

మెయిన్ భూమిలో నూటికి తొంభై పాళ్లకు పైగా ప్రైవేటు. బోర్డు పెట్టనంత వరకూ ఎవరి అడవిలోనైనా ఎవరైనా నడవొచ్చన్నది అక్కడి ఆనవాయితీ. ఆదివారం కూడా తుపాకి మోగితే బోర్డులు పెట్టేస్తామని భూస్వాములు హెచ్చరిస్తున్నారు. అదే జరిగితే వేటగాడికీ, నడిచేవాడికీ ఏడు రోజులూ దారి మూసుకుపోతుంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. మసాచుసెట్స్ రాష్ట్రం కూడా ఆదివారాన్ని మూసే ఉంచింది.

మంగళ, శుక్రవారాల మౌనం

ఇంగ్లండు, వేల్స్‌లో 1831 నాటి గేమ్ చట్టం ఇంకా బతికే ఉంది. ఫెజంట్, కౌజు, కుందేలు వంటివాటిని ఆదివారమూ, క్రిస్మస్ నాడూ చంపకూడదు. నెదర్లాండ్స్‌లోనూ ఆదివారం వేట లేదు. పోర్చుగల్‌లో తిరగేసి ఉంటుంది. సాధారణ వేటకు అక్కడ ఇచ్చిన రోజులు గురువారం, ఆదివారం, జాతీయ సెలవులు.

ఇటలీది నాకు బాగా నచ్చిన పద్ధతి. 1992లో చేసిన 157వ నంబరు చట్టం ప్రకారం మంగళ, శుక్రవారాల్లో తుపాకి పేలకూడదు. మిగిలిన ఐదు రోజుల్లోనూ ఒక్కో వేటగాడికి వారానికి మూడు రోజులకు మించి దక్కవు. అందరూ తలొక మాటా మనుషుల విశ్రాంతి గురించి మాట్లాడుతుంటే, వారంలో రెండు రోజులు అడవికే సెలవు ఇచ్చిన చట్టం అది. ఆదివారం మాత్రం అక్కడ వేటకు తెరిచే ఉంటుంది. కాబట్టి పిల్లలతో అడవికి వెళ్లేవాళ్ల గోల అక్కడా తప్పలేదు.

ఫ్రాన్స్‌లో బుధవారం

2020 డిసెంబర్‌లో నైరుతి ఫ్రాన్స్‌లో ఒక యువకుడు తన ఇంటి దగ్గర కట్టెలు కొట్టుకుంటుంటే, అడవిపంది అనుకుని ఒక వేటగాడు కాల్చాడు. యువకుడు చనిపోయాడు. ఆ రోజు బుధవారం. అతని స్నేహితురాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం సెనేట్‌కు పంపిన విన్నపం మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. ఆదివారం, బుధవారం రెండు రోజులూ వేట ఆపాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. బుధవారం ఎందుకంటే, ఫ్రాన్స్‌లో చాలా చోట్ల ఆ రోజు చిన్నపిల్లలకు బడి ఉండదు, లేదా ఒక్క పూటే ఉంటుంది.

2021-22 సీజన్‌లో ఫ్రాన్స్‌లో వేట ప్రమాదాలు 90. చనిపోయినవాళ్లు 8 మంది, అందులో ఇద్దరికి వేటతో ఏ సంబంధమూ లేదు. రెండు దశాబ్దాల కిందట ఏడాదికి ముప్పై మందికి పైగా పోయిన రోజులున్నాయి, కాబట్టి పరిస్థితి మెరుగుపడింది అని వేట సంఘాలు అంటాయి. అంకెలు నిజమే. కానీ ఇంటి పెరట్లో ఉన్న మనిషికి సగటు లెక్కలు ధైర్యమివ్వవు. సెనేట్ కమిటీ 2022లో నివేదిక ఇచ్చింది, 2023 జనవరిలో ప్రభుత్వం మందు తాగి వేటాడటాన్ని శిక్షార్హం చేస్తామంది, వేట జరిగే చోట్లు చూపే యాప్ తెస్తామంది. ఆదివారాన్ని మాత్రం ముట్టుకోలేదు. దాదాపు పది లక్షల మంది వేటగాళ్లున్న దేశంలో ఆ బలం తక్కువ కాదు. అయినా వారంలో ఒక పూటనైనా నడిచేవాళ్లకు వదలకపోవడం తప్పే అంటాను.

మన ఆదివారం

మన దగ్గర ఈ చర్చకు తావే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన కొత్తలో కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులూ పోయాయి. పంటల్ని నాశనం చేసే అడవిపందుల వంటి వాటికి అధికారుల అనుమతితో మినహాయింపు తప్ప, ఆదివారమైనా సోమవారమైనా వేట నేరమే.

ఆదివారం మనకు సెలవుగా ఎలా వచ్చిందో మాత్రం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890 జూన్ 10న ఆ సెలవు దక్కింది. ఆరు రోజులు యంత్రం దగ్గర నిలబడ్డవాడు ఏడో రోజు తన కోసం, తన ఇంటి కోసం అడిగిన రోజు అది. పెన్సిల్వేనియా ఫ్యాక్టరీ మనిషి అడవికి వెళ్తానన్నప్పుడూ, అక్కడి రైతు నా పొలంలో చప్పుడు వద్దన్నప్పుడూ ఇద్దరూ అడిగింది అదే రోజును. ఇద్దరి మాటా న్యాయమే కాబట్టి ముందే ప్రకటించిన తేదీలు, భూమి యజమాని సంతకం అన్న పెన్సిల్వేనియా దారి నాకు సబబుగా తోస్తుంది.

అక్కడున్న మనవాళ్లకు ఒక మాట. పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో 1976లో ప్రతిష్ఠ జరిగిన వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నది అలెఘెనీ కౌంటీలో. 2025 బిల్లును ప్రవేశపెట్టిన శాసనసభ్యురాలు మాండీ స్టీల్‌దీ అదే కౌంటీ. ఆదివారం ఉదయం దర్శనం చేసుకుని, మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని ఆకులు రంగు మారిన కొండదారుల్లో నడవడం అక్కడి తెలుగు కుటుంబాలకు మామూలు. ఇన్నేళ్లూ ఆదివారం కాబట్టి భయం లేదనుకున్నవాళ్లు ఇక సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా గేమ్ కమిషన్ ప్రకటించిన తేదీలు చూసుకుని బయల్దేరాలి. జింకల సీజన్‌లో తుపాకి పట్టినవాళ్లు కనీసం 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు వేసుకోవాలని నిబంధన. గేమ్ కమిషన్ భూముల్లో నవంబర్ 15 నుంచి డిసెంబర్ 15 మధ్య వేటాడని వాళ్లకూ ఆ రంగు నిబంధన ఉంది. మిగతా చోట్ల నిబంధన ఉన్నా లేకపోయినా పిల్లలకు నారింజ రంగు టోపీ, చొక్కా వేయండి, కుక్కకూ ఒక గుడ్డ కట్టండి. ప్రతి నడకదారి మొదట్లోనూ ఆ ఏటి వేట ఆదివారాల తేదీలు పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలని అక్కడి శాసనసభ్యులను అడగండి. ఓటున్నవాళ్లు అడిగితే ఆ బోర్డు వచ్చే సీజన్‌కే వస్తుంది.